నిండు చెంబు

ఉద్దానంలోని మా ఊరి బడి ముందు, బ్రెజిల్ నుంచీ కెన్యా నుంచీ వచ్చిన కుర్రకారు మన కాలేజీ పిల్లలతో కలిసి కిడ్నీ జబ్బు మీద నాటకం ఆడుతున్నారు. కెన్యా అబ్బాయి జోసెఫ్ రోగిగా మంచం మీద పడుకున్నాడు. అతను చనిపోయే ఘట్టం రాగానే ఆట ఆపేశారు.

"ఇక్కడినుంచి కథ మీరు మార్చవచ్చు. ఎవరైనా వచ్చి భార్య వేషం వెయ్యండి" అన్నారు.

చూస్తున్న ఆడవాళ్లలోంచి మా ఊరి కన్యాకుమారి లేచింది.

"ఏటొదినా, ఈ వయసులో వేషమేస్తావేటి?" అని ఆడవాళ్లు నవ్వారు.

ఆమె కుళాయి దగ్గర చెంబు నిండా నీళ్లు పట్టి తెచ్చి, జోసెఫ్ తల ఎత్తి నోటికి అందించింది.

"వద్దు. డాక్టరు గుక్కెడే తాగమన్నాడు" అన్నాడతను, నేర్చుకున్న తెలుగులో.

కాలేజీ అమ్మాయి కంగారుగా వచ్చింది. "అమ్మా, ఈ జబ్బుకి ఎక్కువ నీళ్లు ప్రమాదం."

"తెలుసు తల్లీ." కన్యాకుమారి చెంబు దించలేదు. "మా ఇంటాయన దాహం, దాహమని ఏడిసినాడు. బతుకుతాడని, రాములోరికి మొక్కి, గుక్కెడు మించి ఇవ్వనేదు. బతకనేదు. మీ కథలోనూ ఎలాగూ పోతాడు గదా. ఈ బాబునైనా దాహం తీరా తాగి పోనీండి."