ఆరని గోడ

"మళ్ళీ తడేరా!" అన్నాడు మేస్త్రి. నేను రంగు డబ్బా కింద పెట్టేశాను.

పాడుబడ్డ పాత బంగళాని అతిథిగృహంగా మారుద్దామని మేస్త్రీ నేనూ, స్నేహితులం ఇద్దరం నడుం కట్టాం. వాడిది తాపీ, నాది రంగులు. గోడలన్నీ ఆరాయి. మూలగది గోడ మాత్రం ఇరవై రోజులైనా ఆరలేదు. వాన లేదు, దగ్గర్లో పైపూ లేదు.

"గోడ ఏడుస్తోందిరా," అన్నాడు, దెయ్యాలంటే పగలబడి నవ్వే మేస్త్రి.

సంగతేంటో కనిపెడదామని ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్తున్నట్టు గేటు వేసి, వెనక తలుపులోంచి పిల్లుల్లా వచ్చాం. మూలగదిలో చప్పుడు. చప్... చప్... ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని తొంగిచూశాం.

ఒక ముసలావిడ చెంబుతో గోడకి నీళ్ళు కొడుతోంది. వెనక, మేమింకా ముట్టుకోని అటక మెట్ల మీద ఆమె చాప, మూట. మమ్మల్ని చూడగానే చెంబు జారిపోయింది. మాకంటే ఎక్కువ వణుకుతోంది.

"ఆరితే రంగేస్తారు. రంగేస్తే జనం దిగుతారు. పదేళ్ళుగా ఈ అటకే నా ఇల్లు. ఎక్కడికి పోను నాయనా?"

మేస్త్రి వంగి, చెంబు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఆ పైమూల ఆరిపోతోంది, చూసుకో పెద్దమ్మా."