నేరేడు రేవు

ఒక అడవిలో కాకి, మైనా, కొండముచ్చు జింకలకు కాపలా కాసేవి. ఏటి ఒడ్డున ఉన్న ఒకే చోటును కాకి నల్లరాయి అనేది, మైనా ఏటివంపు అనేది, కొండముచ్చు నేరేడు రేవు అనేది. ఒకనాడు అక్కడికి చిరుత వచ్చింది. మూడూ మూడు పేర్లు అరిచేసరికి, చిరుతలు మూడు చోట్ల ఉన్నాయనుకుని జింకలు చెదిరిపోయాయి. ఒక జింకపిల్ల చిరుత నోట పడింది.

తల్లి జింక కాపలావాళ్ళ దగ్గరికి వచ్చింది. "ఇకమీదట అందరూ నేరేడు రేవు అనే అనండి" అంది.

"మా తాతలు పెట్టిన పేరు మానుకోవాలా?" అంది కాకి.

"మీ గూట్లో మీ ఇష్టం, కాకన్నా. మా కోసం అరిచేటప్పుడు మాత్రం ఒకే మాట అనండి."

కాకి సరేనంది.

వానాకాలంలో చిరుత మళ్ళీ వచ్చింది. "నేరేడు రేవు" అని మూడు గొంతులూ పలికాయి. మంద మొత్తం ఒకే దారిన కొండెక్కేసింది. చిరుత ఖాళీ కడుపుతో వెళ్ళిపోయింది. పైన పిల్లలు గంతులేస్తుంటే, కాకి వాటి మీద చక్కర్లు కొడుతూ ఆ పేరే గొంతెత్తి పాడింది.