ఒళ్ళు విదిల్చిన పొట్టేలు

"ఫోటోకి నీళ్ళెందుకు నాయనా?" పొట్టేలు తాడు వదలకుండా అనుమానంగా అడిగింది నాగులమ్మ.

"నీళ్ళ బాటిల్ యాడ్ కదమ్మా! తుంపర్లు ఎండకు మెరవాల," అంటూ హృషీకేశ్ చెంబెడు నీళ్ళు దాని వీపున కుమ్మరించాడు.

పొట్టేలు ఒళ్ళంతా విదిల్చింది. కెమెరా టకటకలాడింది.

"అదిరింది! ఇంక తిరుపతంతా ఈ ఫోటో హోర్డింగులే!"

నాగులమ్మ గబగబా కొంగుతో పొట్టేలును తుడిచింది. "నిజం చెప్పు. నిన్ను జాతరోళ్ళు పంపినారా?"

"జాతరోళ్ళా? ఎందుకమ్మా?"

"గంగమ్మ ముందర నీళ్ళు పోస్తే ఒళ్ళు విదిలించాల. అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు, కోస్తారు. మూడు జాతర్లు ఇది కదల్లేదు. అందుకే బతికుండాది."

హృషీకేశ్ కెమెరా దించేశాడు.

నాగులమ్మ గొంతు తగ్గించింది. "ఆ ఫోటో యాడన్నా పెట్టుకో నాయనా. గంగమ్మ గుడికి ఎదురుగా మాత్రం వద్దు."