ఉప్పు చాలిందా?

"ఎలా ఉంది?"

ఆమె ఇంకా చెంచా నోట్లోంచి తీయనేలేదు. అప్పుడే అడిగేశాడు వంటమాస్టారు.

భార్య సూప్ మింగి, అతని మొహంలోకి చూసింది. "మీకెలా ఉంది?"

"నా సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. ఉప్పు చాలిందా?"

"కాస్త... తక్కువైందేమో."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. సూప్ రంగు, చిక్కదనం, పైన తేలుతున్న నూనె చుక్కలు అన్నీ రాసుకున్నాడు. పక్కన 'ఉప్పు తక్కువ' అని కూడా రాశాడు.

పెళ్లయిన ఇరవై రెండేళ్లకి ఇద్దరూ మొదటిసారి సరదాగా గడుపుదామని కొండ మీది ఊరికి వచ్చారు. రెండు రోజుల ప్రయాణం. పొద్దున బస్సు దిగినప్పటి నుంచి ఇది మూడో హోటలు. ఆకలి ఎప్పుడో తీరిపోయింది. అయినా అతనికి కుదురు లేదు. కూర్చుంటే కాలు ఆడుతూనే ఉంది. బిల్లు రాకముందే లేచి నిలబడుతున్నాడు.

ఎందుకో అతనొక్కడికే తెలుసు.

మూడు నెలల కిందట ఇద్దరూ వారం రోజులు జ్వరంతో మంచమెక్కారు. ఇద్దరూ లేచారు. అతని నాలుక మాత్రం లేవలేదు. ఉప్పు, పులుపు, తీపి, కారం, ఏది నోట్లో పెట్టుకున్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంటోంది. "రావచ్చు, రాకపోనూ వచ్చు" అని డాక్టరు చేతులు దులుపుకున్నాడు.

ఎవరితో చెప్పుకుంటాడు? వీధి వీధంతా అతన్ని 'బంగారు నాలుక' అని పిలుస్తుంది. సంగతి తెలిస్తే యజమాని గరిటె లాక్కుని ఇంటికి పంపేయడూ!

ఇల్లు తను వండే హోటలు వెనకాలే ఉండబట్టి బతికిపోయాడు. రోజూ పదకొండింటికి గిన్నె మీద మూతపెట్టుకుని పెరటి గుమ్మం దాటేవాడు. ఆమె కుట్టుమిషను ఆపి రుచి చూసేది. అతనికేసి ఓసారి చూసి, "పులుపు తగ్గిందేమో" అనేది. లేదంటే "ఇవాళ కుదిరింది" అనేది. ఆ మాట పట్టుకుని పరుగున వచ్చి కూర సరిచేసేవాడు. మధ్యలో నాలుగైదు ప్లేట్లు వెనక్కొచ్చాయి. ఆమె సరిగ్గానే చెప్పింది, తన చెయ్యే జారిందని తిట్టుకున్నాడు.

సోమవారం ఆ ఆట కట్టు. యజమాని కొత్త శాఖ తెరుస్తున్నాడు. భాగస్వాములందరి ముందూ వండాలి. అక్కడికక్కడే రుచి చూసి వడ్డించాలి. అక్కడ పెరటి గుమ్మం ఉండదు.

అందుకే ఈ ప్రయాణం. నాలుగు రకాల వంటలు ఆమె చేత తినిపించాలి. ఆమె చెప్పే రుచికీ తను చూసే రంగుకీ లంకె వేసుకోవాలి. కంటితోనే ఉప్పు పసిగట్టడం నేర్చుకోవాలి. అదీ రెండు రోజుల్లో!

రాత్రి భోజనానికి చేప వేపుడు తెప్పించాడు.

"సరిగ్గా సరిపోయింది" అంది ఆమె.

పక్క బల్ల దగ్గర పెద్దాయన అదే చేప కొరికి, "ఇదేంటయ్యా! సముద్రం మొత్తం ఇందులోనే పోశారా?" అని సర్వరు మీద విరుచుకుపడ్డాడు.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు.

"కొందరికి ఏం పెట్టినా వంకలేనండీ" అంది ఆమె, రెండో గ్లాసు నీళ్లు తాగుతూ.

నిజమేననుకుని, 'సరిపోయింది' అని రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొండెక్కడానికి బయల్దేరారు. బండల మీద ఎర్ర రంగు బాణం గుర్తులున్నాయి. వాటిని పట్టుకుని అతను దూసుకుపోతున్నాడు.

"ఏమండీ, వెనకాల ఎవరైనా తరుముతున్నారా? కాస్త ఆగండి."

వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఒక రాయి మీద చతికిలబడి ఆయాసపడుతోంది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి.

"ఇంత చిక్కిపోయావేంటి?"

"కుట్టుపని ఎక్కువైంది. తిండి ధ్యాస ఉండటంలేదు."

పైకి చేరేసరికి మంచు విడిపోయింది. కింద లోయ, లోయలో చెరువు. జనం ఎగబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అతను అటు చూడనైనా లేదు. పొట్లం విప్పి, కింద కొట్లో కొన్న ఆమ్లెట్టు ముక్క ఆమెకి అందించాడు.

"ఉప్పు..."

"మళ్లీనా!" ఆమె ముక్కని తిరిగి పొట్లంలో పడేసింది. "నిన్నటి నుంచీ ఇదే గోల. కాళ్లు నొప్పిగా ఉన్నాయా అని అడిగారా? ఈ ఊరు నచ్చిందా అని అడిగారా?"

అతను తలొంచుకున్నాడు. పుస్తకం చేతిలోంచి జారి గడ్డిలో పడింది. ఇక దాచలేకపోయాడు. జ్వరం, పోయిన రుచి, పెరటి గుమ్మం, సోమవారం... మొత్తం చెప్పేశాడు.

"నీకెందుకు చెప్పలేదంటావా? నేను చేసింది నువ్వు తిని 'బాగుంది' అంటే చాలని ఇరవై రెండేళ్లు వండాను. రుచే తెలియనివాడు వండి పెడుతున్నాడంటే నీకు ముద్ద దిగుతుందా?"



అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇక నువ్వే దిక్కు. సోమవారం నా పక్కన నిలబడు. సహాయానికి తెచ్చుకున్నానని చెబుతాను. నువ్వు రుచి చూసి కన్నుగీటితే చాలు, మిగతాది నేను చూసుకుంటా. ఈ మూడు నెలలూ నన్ను నిలబెట్టింది నీ నాలుకే!"

ఆమె రెండో చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి అర్థం కాలేదు. కాసేపటికి చెయ్యి తీసి, మెల్లగా అంది.

"నాకు మీకంటే నాలుగు రోజుల ముందే పోయిందండీ, మీరు చిన్నబుచ్చుకుంటారని ఇన్నాళ్లూ మీ మొహం చూసి ఏది తోస్తే అది చెబుతున్నాను."