ఆమె వైపు అధ్యాయం

“అంకుల్, మీ హీరో ఇంకెన్ని చాప్టర్లు ఆ బెంచీ మీదే కూర్చుంటాడు?” అని అడిగింది శ్రీదివ్య.

పెండిల్ హిల్ కమ్యూనిటీ హాల్లో ఉన్న మిగతా ఎనిమిది మందీ నవ్వారు. ఉపేంద్ర నవ్వలేదు. సివిల్ ఇంజనీరుగా రిటైరయ్యాక రెండేళ్లు కూర్చుని రాసిన నవల అది. దానికి ఒక రూపం తెచ్చుకుందామనే, శనివారం మధ్యాహ్నాలు శ్రీదివ్య చెప్పే ఈ నవలా రచన క్లాసులో చేరాడు. చేత్తో రాసినదాన్ని కంప్యూటర్‌లో టైపు చేసిపెట్టే భార్య వసుంధర కూడా వచ్చి పక్కన కూర్చునేది.

“ఎదురుచూడటమే కథమ్మా,” అన్నాడతను.

“ఎదురుచూడటం ఫీలింగ్ అంకుల్, ప్లాట్ కాదు.” శ్రీదివ్య బోర్డు మీద పొడుగ్గా ఒక గీత గీసి, సగం దగ్గర చుక్క పెట్టింది. “తొమ్మిదో చాప్టర్లో శ్యామసుందరి బాపట్ల స్టేషన్‌కి వస్తానంది. రాలేదు. అక్కణ్ణించి పద్దెనిమిది దాకా ఈయన నిట్టూర్పులే. అసలు కథ ఈయన దగ్గర లేదు, రాని అమ్మాయి దగ్గరుంది. పదో చాప్టర్ ఆమె వైపు నుంచి రాయండి. ఎందుకు రాలేదు?”

“నాకు తెలీదు.”

“రాసేది మీరే కదా అంకుల్! మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

ఉపేంద్ర కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకున్నాడు.

రౌస్ హిల్‌లో ఇంటికొచ్చాక ఆ వారమంతా అదే పని. సోమవారం శ్యామసుందరికి జ్వరం తెప్పించాడు. బుధవారం ఆమె ఎక్కిన బస్సును దారిలో ఆపేశాడు. శుక్రవారం తండ్రి చేత గదిలో పెట్టించి తాళం వేయించాడు. వసుంధర మూడింటినీ టైపు చేసింది.

శనివారం క్లాసులో శ్రీదివ్య మూడింటినీ పక్కన పెట్టేసింది. “ఇవన్నీ ఆమెకి జరిగినవి అంకుల్. ఆమె ఏం చేసింది? ఆ గంటలో ఆమె చేతులు ఏం పని చేస్తున్నాయి? అది చెప్పండి, నవల దానంతటదే నిలబడుతుంది.”

తిరిగి వస్తుంటే ఓల్డ్ విండ్సర్ రోడ్డు మీద ఎర్ర సిగ్నల్ పడింది. ఉపేంద్ర స్టీరింగ్ మీద తల ఆనించాడు.

“ముప్పై ఎనిమిదేళ్లుగా ఆలోచిస్తున్నా వసూ. ఎందుకు రాలేదో ఇప్పటికీ తట్టదు,” అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆ నవలంతా కల్పన అనే కదా తను ఆమెకు చెప్పింది!

“గ్రీన్ పడిందండీ,” అంది వసుంధర.

రెండు వీధులు దాటాక ఆమే మళ్లీ అంది: “ఆ చాప్టర్ నేను రాసి చూడనా?”

“నువ్వా? ఎప్పుడైనా కథ రాశావా?”

“లేదు. మీది టైపు చేసీ చేసీ కొంచెం అలవాటైంది.”

ఆదివారం పొద్దున అతను పెరట్లో గడ్డి కోస్తుండగా ఆమె రాయడం మొదలుపెట్టింది. మెషీన్ ఆపి లోపలికి వచ్చేసరికి ఏడు పేజీలు ప్రింటయి ఉన్నాయి. చదవబోతే ఇవ్వలేదు. “క్లాసులో వినండి,” అంది.

శనివారం శ్రీదివ్య దాన్ని పైకి చదివింది.

ఆ సాయంత్రం శ్యామసుందరి చెప్పులేసుకుని వసారాలోకి వచ్చింది. ఎవరూ ఆపలేదు. వీధి తలుపు తీసే ఉంది. పెళ్ళిచూపులవాళ్ల కోసం పక్కింటి నుంచి అడిగి తెచ్చిన కుర్చీలను తండ్రి తన కండువాతో తుడుస్తున్నాడు. ఒక కుర్చీ కాలు కింద కాగితం మడిచి పెట్టి, ఊగుతోందేమోనని తనే కూర్చుని చూసుకున్నాడు. ఆమె కాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు విప్పేసి, ఆయన చేతిలోంచి కండువా తీసుకుని మిగిలిన కుర్చీలు తుడిచింది. పెళ్ళికొడుకు వచ్చాడు. గంటసేపు తన ఉద్యోగం గురించి చెప్పాడు. అతను మూడోసారి ప్రమోషన్ మాట ఎత్తినప్పుడు దూరంగా రైలు కూత వేసింది. ఆమె తలవంచుకుని కాఫీ గ్లాసులు తీసి లోపలికి వెళ్ళింది.

శ్రీదివ్య చివరి పేజీ బల్ల మీద పెట్టింది.

“అంకుల్, నవలకి ఇదే గుండె,” అంది శ్రీదివ్య మెల్లగా. “ఇది ఇక్కడ పడితే అటు తొమ్మిదీ, ఇటు ఎనిమిదీ వాటంతటవే సర్దుకుంటాయి.”

“ఆ పెళ్ళికొడుకు భలే ఉన్నాడాంటీ! పక్కన పిడుగు పడ్డా వినబడేలా లేదు,” అన్నాడు వెనక వరసలో కార్తీక్.

అందరూ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ ఉపేంద్ర అందరికంటే గట్టిగా నవ్వాడు. అతని గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టుంది. ఆ అమ్మాయి మోసం చేయలేదు. రావాలనే బయల్దేరింది. అంతే చాలు.

కార్ పార్క్‌లో భార్య చెయ్యి పట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత అలా పట్టుకోవడం.

“దాచి లాభం లేదు వసూ. ఆ అమ్మాయి నిజంగానే ఉండేది. నీ ముందు చెప్పకూడదు గానీ, ఇన్నేళ్లూ నన్ను తొలిచేసింది. తన మనసు అచ్చంగా చూసినట్టు రాశావు. నీకెలా తెలిసింది?”

వసుంధర చెయ్యి విడిపించుకోలేదు. ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ అంది.

“మీ శ్యామసుందరి సంగతి నాకేం తెలుసండీ? తెనాలి స్టేషన్లో నా కోసం కూర్చున్నతనికి నేను చెప్పుకోలేకపోయినదే రాశాను. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చిన పెళ్ళికొడుకు మీరే.”