నీలం అరచెయ్యి

వీధి తలుపు పక్క గోడ మీద నీలం అరచెయ్యి మళ్ళీ ప్రత్యక్షమైంది.

సుహైర్ గౌను చేతులు పైకి మడిచి క్లోరిన్ సీసా తెచ్చింది. ఆ వారంలో ఇది మూడోసారి.

ఆ ఊళ్ళో గోడలన్నీ లేత పసుపే. కైరోకి గంట దూరంలో, నిన్నటిదాకా ఇసుక ఉన్నచోట ఇవాళ లక్షల మంది కాపురాలు. నెల తిరిగేసరికి ఇంకో వరస భవనాలు లేస్తాయి. అన్నిటికీ అదే తలుపు, అవే ఆరు మెట్లు, అదే బాల్కనీ. వచ్చిన కొత్తలో సుహైర్ పక్క వీధిలో ఎవరి తలుపుకో తాళంచెవి పెట్టి, అది తిరగనందుకు మొగుణ్ణి తిట్టింది.

మామగారు హాజీ బయూమీ మాత్రం ఒక్కసారీ ఇల్లు తప్పలేదు.

అదే ఆమెకి వింత. ఆయన మతిమరుపు చూసి, ఒంటరిగా బయటికి పంపితే మనిషి దక్కడని, కైరోలో షుబ్రా పేటలో ఉన్నప్పుడే డాక్టరు చెప్పాడు. కానీ ఇక్కడ ఆయన మొండికేశాడు.

"నన్ను చెయ్యిపట్టుకుని మసీదుకి తీసుకెళ్తావా? దానికన్నా నేరుగా గోరీకే తీసుకెళ్ళు."

రెండు రోజులు అన్నం ముట్టలేదు. సుహైరే దిగొచ్చింది. అప్పట్నుంచీ ఆయన సాయంత్రం అసర్ నమాజుకి ఒక్కడే వెళ్ళేవాడు. ములుఖియా పులుసు చల్లారకముందే వచ్చేవాడు. రాగానే చేతులు కడుక్కునేవాడు. ఈ వయసులో ఏం శుభ్రం అని ఆమె మురిసిపోయేది.

"ఎడారి గాలి మహిమ," అని ఫోనులో తల్లితో అంది. "నా పేరు మర్చిపోతారు గానీ ఇల్లు మర్చిపోరు."

"పోనీలే, పనికొచ్చేదే గుర్తుంది," అంది తల్లి.

గోడ రుద్దుతుంటే ఆ చేతికి చూపుడు వేలు సగమే కనిపించింది. వెధవ పని, అదీ సగం పని అనుకుంది సుహైర్.

నాలుగోసారి మనిషి దొరికాడు. సన్నటి ముసలాయన. వెలిసిపోయిన కోటు, చేతిలో రంగు డబ్బా. గోడ మీద కారిన చుక్కల్ని రుమాలుతో తుడుస్తున్నాడు. హాజీ బయూమీ అప్పుడే మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు.

"దొరికావు, పెద్దాయనా. మా గోడతో నీకేం పని?"

"గోడతో కాదమ్మా."

"దిష్టికా? మాకేం ఉందని దిష్టి. ఎదురింటివాళ్ళకీ ఇదే గోడ."

అతను నవ్వలేదు. "ఒక్క చెయ్యేగా, ఉండనీ."

"ఎందుకో చెప్పు, ఉంచుతాను."

అతను తలెత్తి బాల్కనీ కేసి చూశాడు. "చెప్పనని మాటిచ్చాను."

"అయితే కాలనీ సంఘంవాళ్ళతో చెప్పుకో. తొమ్మిదో నియమం తెలుసా? గోడల మీద ఏ గుర్తూ ఉండకూడదు."

"తెలుసమ్మా," అన్నాడతను మెల్లగా. "అక్షరం అక్షరం తెలుసు."

ఆ వినయం చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. కాపలాదారు షెహాతాకి ఫోను చేసింది. వాడు వచ్చి, ముసలాయన్ని చూసి నీళ్ళు నమిలాడు.

"ఈయన్నా, అమ్మగారూ?"

"కాదు, నన్ను. బస్సెక్కించి పంపెయ్. మళ్ళీ గేటు లోపల కనిపించకూడదు."

షెహాతా ఆయన మోచెయ్యి పట్టుకుని, ఏదో పెళ్ళికి తీసుకెళ్తున్నంత మర్యాదగా తీసుకెళ్ళాడు.

సుహైర్ గోడని ఎంత బాగా కడిగిందంటే, ఆ చోటు మిగతా గోడకన్నా తెల్లబడింది.

మర్నాడు ములుఖియా చల్లారిపోయింది.

ఆమె మళ్ళీ వేడిచేసింది. మళ్ళీ చల్లారింది. అసర్ నమాజుకి వెళ్ళిన మనిషి రాలేదు.

ఆమె భర్త ఇస్మత్, కాపలావాళ్ళు, మసీదువాళ్ళు రెండు రోజులు వెతికారు. వెతికేవాళ్ళలో ఇద్దరు తామే దారి తప్పారు.

మూడో రోజు మధ్యాహ్నం చివరి వరసలో పనికొచ్చిన కూలీలకి కనిపించాడు. అక్కడ ఇంకా ఎవరూ దిగలేదు. ఇసుక గాలికి గోడలన్నీ దుమ్ము కప్పుకుని ఉన్నాయి. సుహైర్ ఆ వీధి పొడుగునా నడిచింది. ప్రతి తలుపు పక్కా దుమ్ములో ఒక అరచెయ్యి అద్ది ఉంది.

చూపుడు వేలు సగమే.

ఆఖరి తలుపు దగ్గర, ఆరో మెట్టు మీద, హాజీ బయూమీ కూర్చునే పోయాడు. కుడి అరచెయ్యి గోడకి ఆనించే ఉంది. వడ్రంగం రోజుల్లో రంపం తినేసిన వేలు. గోళ్ళ సందుల్లో ఇంకా నీలం.

సంతాపం మూడు రోజులూ అయ్యాక సుహైర్ కాపలా గదికి వెళ్ళింది.

"ఆ పెద్దాయన ఎక్కడుంటాడు షెహాతా?"

"నద్మీ గారా? మీరు బస్సెక్కించమన్నారు, ఎక్కించాను. ఎటెళ్ళారో."

"గారా? ఎవరాయన?"

షెహాతా గోడకి వేలాడుతున్న నియమాల కాగితం చూపించాడు. అద్దం వెనక, అడుగున, చక్కటి దస్తూరీతో ఒక సంతకం.

"సంఘానికి మొదటి అధ్యక్షుడు. తొమ్మిదో నియమం ఆయన రాసిందే."

"రాసినవాడే మా గోడ మీద…"

షెహాతా కాగితం మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఆయన భార్యకీ మతిమరుపేనమ్మా, ఇల్లు గుర్తుండాలని తలుపు పక్కన నీలం చెయ్యి అద్దుకుంది, ఆయన నియమం రాసి, ముందు తన గోడే కడిగారు, ఆ మధ్యాహ్నం రొట్టెలకి వెళ్ళిన ఆవిడ ఇంకా రాలేదు."