రోగి వేషం

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండర్రా. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

"నువ్వు చాప మీద పడుకో తల్లీ. నువ్వు రోగివి" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"పోయిన వారమూ నేనే రోగిని సార్. ఆ ముందు వారమూ నేనే" అంది పిచ్చుక. అసలు పేరు వేరే ఉంది కానీ, ఆరో తరగతికి వచ్చినా పిల్ల పిడికెడంతే ఉంటుందని బడంతా అలాగే పిలిచేది.

ఆరు, ఏడు తరగతుల పిల్లలందరికీ ప్రథమ చికిత్స నేర్పాలని పైనుంచి కాగితం వచ్చింది. మాస్టారుకు అది మొదటినుంచీ గిట్టలేదు. రక్తం చూస్తే పిల్లలు జడుసుకుంటారని ఆయన గోల. తప్పదు కాబట్టి గురువారం గురువారం చాప పరిచి కట్లు కట్టడం నేర్పేవాడు. పిచ్చుకను మాత్రం గుడ్డ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఏడో తరగతిలో ఉన్న వాళ్ళక్కకు ఒళ్ళు మండింది. "కాగితంలో అందరికీ అని రాశారుగా సార్?"

"అందరికీ అంటే, చెయ్యగలిగిన అందరికీ అని! రేపు ఏదన్నా జరిగితే ఎవరమ్మా జవాబు చెప్పేది? అయినా నేనేమన్నా బయటికి పొమ్మన్నానా? హాయిగా పడుకోమన్నాను. అంత సుఖమైన పని ఇంకోటుందా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. పిచ్చుక కూడా నవ్వి పడుకుంది. నలభై మంది వంతులవారీగా దాని చెయ్యి ఎత్తారు, గుడ్డ పెట్టి నొక్కారు, కట్టారు, విప్పారు. గాజు గుచ్చుకున్నట్టు సుద్దముక్క నిలబెట్టి, అది కదలకుండా చుట్టూ మడతలు పేర్చారు.

"అక్కా, నీది వదులు. ఇందాకటి అమ్మాయిది బాగుంది" అనేది పిచ్చుక.

"రోగులు మాట్లాడకూడదే!" అని అక్క గిల్లేది.

వీళ్ళ నాన్నది ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు. గోడనిండా అద్దాలే. అన్ని అద్దాల మధ్య పెరిగిన పిల్ల, ఒక్కనాడన్నా ముఖం దిద్దుకుంటూ నిలబడిందంటే ఒట్టు. మనింట్లోనూ ఉన్నారు, గంటసేపు దువ్వుకునే మహారాణులు! బడి వదలగానే అక్క చెయ్యి పట్టుకుని షాపుకొచ్చి, మూలనున్న స్టూలెక్కి కూర్చునేది. "కింద గాజుపెంకులుంటాయి, నేను పిలిచేదాకా దిగకు" అని నాన్న కట్టడి.

ఆ సాయంత్రం నాన్న నిలువెత్తు గాజుపలకను బల్ల మీదికి ఎత్తుతున్నాడు. ఫెళ్ళుమంది.

ఆ తర్వాత చప్పుడు లేదు. బల్ల మీద పరిచిన పాత పేపరు మీద టప్ టప్ మని ఏదో పడుతోంది.

"నాన్నా?"

"ఏం లేదు తల్లీ... చెయ్యి కాస్త తెగింది" అన్నాడు. గొంతులో జీవం లేదు.

మోచేతి కింద లోతుగా తెగింది. అక్క పరుగెత్తుకొచ్చింది. బడిలో చివరికి అందరికంటే బాగా కట్టి శభాష్ అనిపించుకున్న పిల్ల, ఆ ఎరుపు చూసేసరికి కళ్ళు తిరిగి గోడకు జారిపోయింది. పక్క షాపు టైలరు "అమ్మబాబోయ్!" అంటూ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

పిలవకుండానే పిచ్చుక స్టూలు దిగింది. చెప్పుకాలితో చుట్టూ నేలంతా రాసి పెంకులు పక్కకు నెట్టింది.

"ఇక్కడ పెంకుల్లేవు నాన్నా. ఇటొచ్చి పడుకో. చెయ్యి నాకివ్వు."

అంత మనిషీ పసిపిల్లాడిలా వచ్చి పడుకున్నాడు. చున్నీ మడిచి గాయం మీద పెట్టబోతుంటే వేలికేదో గరుగ్గా తగిలింది.

"లోపల గాజుముక్క ఉంది."

టైలరు తొంగి చూశాడు. "ఎక్కడే? నాకు రక్తం తప్ప ఏమీ కనబళ్ళేదు. ఉంటే లాగెయ్, కాఫీపొడి అద్దుదాం!"

"లాగితే ఇంకా కారుతుంది మామయ్యా. పొడీ గిడీ వద్దు. నువ్వు అంబులెన్సుకు ఫోన్ చెయ్యి."

ముక్క కదలకుండా దానికి రెండు పక్కలా మడతలు పేర్చి, రెండు చేతులతో నొక్కింది. నాన్న చెయ్యి పైకెత్తి తన భుజానికి ఆనించుకుంది. గుడ్డ తడిసింది. తియ్యలేదు. టైలరు భుజం మీది తువ్వాలు అడిగి పుచ్చుకుని, దానిమీదే పేర్చింది. జనం మూగారు. అందరి కళ్ళూ ఆ రక్తం మీదే. పిచ్చుక ముఖం గోడవైపు తిరిగి ఉంది, చేతులు మాత్రం గాయాన్ని వదల్లేదు.

"నిద్రొస్తోందే..." అన్నాడు నాన్న.

"మా బడిలో రోగులు మాట్లాడతారు నాన్నా. నువ్వూ మాట్లాడు."

అంబులెన్సు రావడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ చిన్న వేళ్ళు పట్టు సడలనివ్వలేదు. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయారు.

"ఆ ముక్క లాగి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. ఎవరు పట్టుకున్నారు?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

అందరూ పిచ్చుకను ముందుకు నడిపించారు. డాక్టరమ్మ దాని ముఖంలోకి చూసి, వంగి దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎవరు నేర్పారమ్మా?"

"నాకెవరూ నేర్పలేదండీ. నలభై మంది నా చేతికి కట్టారు. బాగా కట్టినవాళ్ళు ఎక్కడ నొక్కారో, ఎంత నొక్కారో, అక్కడే అంతే నొక్కాను."

కబురు విని పరుగున వచ్చిన డ్రిల్లు మాస్టారు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

మరుసటి గురువారం చాప తనే పరిచాడు. బొజ్జతో సహా తనే దానిమీద పడుకున్నాడు.

"రా తల్లీ, కట్టు. అందరికీ అంటే అందరికీనే."

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు.

గుర్తుపెట్టుకుని మీరూ పదిమందికి చెప్పండర్రా. ఒక్క మాట మాత్రం నాలాగే ఆఖరిదాకా దాచండి.

పిచ్చుకకు పుట్టుకతోనే చూపు లేదు.